కొండకు ముగ్గు

మా కాలంలో కొండ ఎక్కాలంటే ఏదో ఒక పని ఉండాలి. మొక్కు ఉంటే తిరుమల కొండ ఎక్కేవాళ్ళం. మేకపిల్ల తప్పిపోతే ఊరి వెనక గుట్ట ఎక్కేవాళ్ళం. సీతాఫలాల కాలంలో పిల్లలూ, చీపురుపుల్లల కాలంలో ఆడవాళ్ళూ ఎక్కేవాళ్ళు. ఏ పనీ లేకుండా, ఎక్కడానికని ఎక్కి, ఎక్కినందుకు మురిసిపోయి, ఒట్టి చేతులతో దిగిరావడమనేది ఒకటున్నదని నాకు అరవై ఎనిమిదో ఏట మా మనవరాలు చెప్పేదాకా తెలియదు సుమండీ.

మాది వీరపునాయునిపల్లె. పేరు పొడుగని అందరూ వి.ఎన్.పల్లె అంటారు. శివరాత్రికి అనిమెల సంగమేశ్వరుడు, బట్టలకూ బంగారానికీ ప్రొద్దుటూరు - ఇంతకు మించి మా ప్రపంచం పెద్దగా కదలదు. కొడుకు బెంగుళూరులో స్థిరపడ్డాడు. వాడి కూతురికి ఇరవై నాలుగేళ్ళు. కంప్యూటరు ఉద్యోగం. సంక్రాంతికి పది రోజుల ముందు ఫోను చేసింది.

"జేజీ, పండక్కి వస్తున్నా. ముగ్గురు ఫ్రెండ్సు కూడా వస్తారు. గండికోటలో క్లైంబింగ్ చెయ్యాల."

"గండికోటలో ఎక్కేదానికి ఏముంది తల్లీ? పెన్న దగ్గరకు దిగేదానికి మెట్లు కూడా సరిగా లేవు గదా!"

"మెట్లు లేవనే వచ్చేది జేజీ!"

పక్కనే పేపరు చదువుతున్న మావారు తల ఎత్తకుండానే, "మోకు తెచ్చుకుంటుందా, మన బావి మోకు ఇయ్యాల్నా అడుగు" అన్నారు.

మోకు తెచ్చుకుంది. ఒకటి కాదు, రెండు. నీలిరంగూ నారింజరంగూ కలిసిన ఆ తాళ్ళను చూస్తే కొంగుకు కుట్టుకోవచ్చనిపించింది. ఇద్దరు అబ్బాయిలూ, ఇంకో అమ్మాయీ వచ్చారు. భోగికి ముందురోజు రాత్రి దిగి, జొన్నరొట్టె, శనక్కాయల ఊరుబిండి తిని, సంచులన్నీ వసారాలో పడేసి నిద్రపోయారు.

అసలు కథ తెల్లవారుజామున జరిగింది.

నాలుగున్నరకు లేచి కల్లాపి చల్లి చూద్దును కదా, డబ్బాలో ముగ్గుపిండి అడుగంటి ఉంది. అంగళ్ళు తెరిచే వేళ కాదు. చీకట్లో వసారాలోకి వస్తే మనవరాలి సంచి పక్కన తెల్లటి పిండి పొట్లం కనిపించింది. నాకోసం బెంగుళూరు నుంచి మేలురకం ముగ్గుపిండి తెచ్చింది కాబోలు, పిల్ల ఎంత ఎదిగిందీ అనుకున్నాను. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేశాను. పిండి కాస్త తేలిక, గాలికి లేస్తోంది. కాని తెలుపంటే తెలుపు! పూసిన మల్లెపందిరిలాగుంది వాకిలి.

తెల్లవారి మనవరాలు వాకిట్లోకి వచ్చి నిలుచుండిపోయింది.

"జేజీ... ఇది దేంతో వేసినావు?"

"నువ్వు తెచ్చిన పిండితోనే."

స్నేహితులు ముగ్గురూ అరుగు మీద కూలబడి నవ్వారు. నా మనవరాలు నవ్వాలో ఏడవాలో తెలియక నా ముఖం చూసింది. ఆ పిండి పేరు మెగ్నీషియం కార్బొనేటట. కొండ ఎక్కేటప్పుడు అరచేతులకు చెమట పట్టి జారకుండా పూసుకుంటారట. పావుకిలో ఆరేడువందల రూపాయలట! ఆ సంక్రాంతికి జిల్లా మొత్తంలో అంత ఖరీదయిన ముగ్గు ఇంకెవరూ వేసి ఉండరు. పొట్లంలో సగం మిగిలిందని అదే ఊరట.

నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి, "అయితే నేను వాకిటికి పెట్టే ముగ్గు నువ్వు కొండకు పెడతావన్నమాట" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. కాని అది ముఖం కొంచెం చిన్నబుచ్చుకుంది.

"పెడతాం జేజీ. చెయ్యి వేసినచోటల్లా తెల్లమచ్చ పడుతుంది. మా మీద ఉండే తగువుల్లో అదొకటి."

ఆ రోజు గొబ్బెమ్మల దగ్గర కూర్చుని ఆ తగువేమిటో చెప్పింది. నాకు అర్థమయినంతవరకు మీకు చెబుతాను.

దాని మేనత్త కొడుకు కాలిఫోర్నియాలో ఉన్నాడు. రెండేళ్ళ క్రితం ఇది అక్కడికి వెళ్ళినప్పుడు జాషువా ట్రీ అనే ఎడారి పార్కుకు తీసుకెళ్ళాడట. 1936లోనే దాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించారు, 1994లో జాతీయ పార్కు చేశారు. మన రాయలసీమ గుట్టల్లాగే గుండ్లమీద గుండ్లు పేర్చినట్టుంటుందట. ప్రపంచం నలుమూలల నుంచీ కొండలెక్కేవాళ్ళు అక్కడికి వస్తారు. వాన తక్కువ గనక రాతిమీద పడిన సుద్దమరక కడుక్కుపోదు. నేలమీద నల్లగా, పొరలాగా ఒక పెచ్చు ఉంటుందట. అది మట్టి కాదు, ప్రాణమున్న పొర. కంటికి కనిపించని జీవులూ నాచూ కలిసి ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచుతాయి. దానిమీద ఒక్క బూటుకాలు పడితే మళ్ళీ అతుక్కోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అందుకని గీసిన దారిలోనే నడవాలి. గద్దలూ డేగలూ గూడు పెట్టే నెలల్లో ఆ బండలవైపు వెళ్ళకూడదు.

ఇక మేకుల గొడవ. తాడు తగిలించడానికి రాతికి తొలిచి దిగగొట్టే మేకులు శాశ్వతంగా ఉండిపోతాయి. ముట్టకుండా వదిలిపెట్టిన అడవిలో అవి ఉండవచ్చా, ఉండకూడదా అని ఆ దేశంలో పెద్ద వాదం నడిచింది. 2023లో పార్కుల శాఖవారు వాటిని నిషిద్ధ కట్టడాల కింద లెక్కగట్టబోయారు. ఎక్కేవాళ్ళంతా ఒక్కటై గగ్గోలు పెడితే 2024లో ఆ ఆలోచన మానుకున్నారు. 2025 జనవరిలో, క్రమపద్ధతికి లోబడి మేకులు ఉండవచ్చునని చట్టమే వచ్చింది.

"అంత దూరమెందుకు జేజీ, మా బెంగుళూరు పక్కన రామనగర లేదూ? షోలే సినిమా తీసింది అక్కడే" అన్నది.

షోలే అనగానే మావారు పేపరు మడిచి పెట్టారు. ఆ కొండల్లో రామదేవర బెట్ట అనేదాన్ని 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారట. రాబందుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పశువులకు నొప్పికని ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసంతోపాటు వాటి కడుపులోకి పోయి మూత్రపిండాలు పాడై, దేశంలో కొన్ని జాతులు నూటికి తొంభై అయిదుకు పైగా నశించాయి. పశువులకు ఆ మందు వాడకూడదని 2006లో నిషేధించారు. ఆ కొండల్లో మిగిలిన నాలుగింటికీ గూడు పెట్టుకోవడానికి నిట్టనిలువు కొండచరియే కావాలి. మా మనవరాలికీ నిట్టనిలువు కొండచరియే కావాలి. ఇద్దరికీ ఒకే రాయిమీద కన్నన్నమాట!

"ఆ కొండ మాకు మూసేశారు. మూయడం న్యాయమే. కాని ప్రతి కొండకూ అట్ల తాళం వేస్తూ పోతే మేం యాడికి పోవాల?" అన్నది. బెంగుళూరులో పెరిగినా తగువులాడేటప్పుడు దానికి కడప మాటే వస్తుంది.

కనుమ మరునాడు అందరం గండికోటకు బయలుదేరాం. నేనూ మావారూ ఎందుకంటారా? పిల్ల రాతికి వేలాడుతుంటే ఇంట్లో కూర్చుని జపమాల తిప్పేకన్నా ఎదురుగా కూర్చుని తిప్పుకోవడం మేలని.

ఎర్రగుంట్ల మీదుగా పోవాలి. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, రోడ్డు పక్కన నాపరాళ్ళ గనులు, అరలు అరలుగా కోసిన నేల, పేర్చిన బండలు. కారు అద్దం ఎత్తుకుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆ ముక్క దాటేశాం. ఆ నాపరాళ్ళ సంగతి నాకే ఎదురుతిరుగుతుందని అప్పటికి తెలియదు.

గండికోట చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు చేతకాదు. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుని పోయింది. మూడువందల అడుగుల లోతు ఉంటుందంటారు. రెండువైపులా ఎర్రటి బండలు, గచ్చుపని వాడు కొలత పెట్టి పేర్చినట్టు. పైన పెమ్మసాని నాయకులు ఏలిన కోట. మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ ఒకదానికొకటి కనుచూపు దూరంలో. మీర్ జుమ్లా ఈ కోట పట్టుకున్న కొత్తల్లో, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చి వెళ్ళాడు. ఆ కొండరాతికి భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. వందకోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. ఈ నాయకులూ నవాబులూ దానికి నిన్నమొన్నటి చుట్టాలు.

ఇప్పుడక్కడ గుడారాలు, హోటలు, సాహస క్రీడలు నేర్పే అకాడమీ కూడా వచ్చాయి. 2024లో కేంద్రప్రభుత్వం దాదాపు 78 కోట్ల రూపాయలు గండికోట అభివృద్ధికని మంజూరు చేసింది. జనం ఇంకా వస్తారు. రావద్దనడానికి మనమెవరం?

పిల్లలు ఎక్కదలచుకున్న చోటు కోటకు దూరంగా, గుట్టల పక్కన ఒక చరియ. కింది నుంచి పై దాకా ఒకే ఒక నెర్రె. ఆ నెర్రెలో చేతులు దూర్చి, కాళ్ళు దూర్చి ఎక్కుతారట. మేకులు కొట్టరు. చిన్నచిన్న ఇనపబిళ్ళలు నెర్రెలో ఇరికించి, వెనక వచ్చేవాళ్ళు వాటిని ఊడదీసుకుని వస్తారు. "వచ్చినట్టే ఉండదు జేజీ, చూడు" అన్నది. రెండేళ్ళుగా ఆ నెర్రె ఫోటో దాని ఫోనులో ఉందట. మార్చిలో పై చదువుకు జర్మనీ వెళ్ళిపోతోంది. వెళ్ళేలోగా అది ఎక్కాలని కోరిక.

తాళ్ళు విప్పుతుండగా ఒక కాపరి వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. వెనకాల ముప్పై మేకలు.

"ఏం చేస్తాండారు మీరంతా?"

చెప్పారు.

"ఆ నెర్రె వద్దు నాయనా. సగం ఎత్తులో గవి మాదిరి ఉండాది చూడు, దాంట్లో పెద్ద గూబ గుడ్లు పెట్టిండాది. పొద్దుగూకితే కూత వినపడుతుంది. ఆ పక్క మలుపులో పెద్దతేనె తుట్టెలు. ఈగ లేసిందంటే మిమ్మల్ని దించేదానికి మేం రావాల."

గూబ అనగానే నేను చెంపలు వేసుకున్నాను. పొద్దున్నే ఆ పేరు వినడమేమిటని. మావారు మాత్రం, "మన శనక్కాయ చేన్లలో ఎలుకల్ని తినేది అదే" అని దాని పక్షం వహించారు.

ఇక పిల్లల్లో వాదం మొదలయింది. ఒకబ్బాయి, "ఒక్క గంట, నిశ్శబ్దంగా ఎక్కి దిగేస్తాం" అన్నాడు. రెండో అమ్మాయి, "పగలు గూబ లేచిపోతే కాకులు తరుముతాయి, గుడ్లు ఎండకు పోతాయి, వద్దు" అన్నది. గూబ గూడు కట్టదట. ఒట్టి రాతి అరుగు మీదే గుడ్లు పెట్టి పొదుగుతుంది. అదీ చలికాలంలో. మనుషులు ఎక్కగలిగేదీ చలికాలంలోనే. మార్చి దాటితే మా సీమ రాయి పెనమే గదా! ఇద్దరికీ ఒకే చోటు కావాలి, ఒకే నెల కావాలి. చట్టం ప్రకారం చూసినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్ళకూ గుడ్లకూ హాని చేయవద్దంటుంది. కాని ఆ చరియ దగ్గర చట్టమేదీ నిలబడి లేదు. ఉన్నది ఆ కాపరి ఒక్కడే.

అతను ఇంకో మాట కూడా అన్నాడు. "మేకల్ని ఈ దిక్కుకు తోలొద్దంటారు. ఎండుకట్టె తెస్తే కేసంటారు. మేం ఎక్కితే దొంగతనం, మీరు ఎక్కితే ఆట. సరేలే, మీరు పిల్లోళ్ళు, మిమ్మల్ని అని ఏం లాభం."

అతని గొంతులో కోపం లేదు. ఎండ ఎక్కువయిందన్నట్టుగా అన్నాడు. నలుగురు పిల్లలూ తలలు వంచుకున్నారు.

నా మనవరాలు ఏమీ మాట్లాడకుండా ఆ నెర్రె వంకే చూస్తోంది. పెద్దదాన్ని గదా, ఇటువంటి సమయంలో ఊరుకోలేకపోయాను. ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇది వందకోట్ల ఏళ్ళ రాయి అనీ, తల్లి పక్షిని లేపితే పాపమనీ, మీ సరదా కోసం కొండను పాడు చెయ్యవచ్చునా అనీ, మా కాలంలో మేం ప్రకృతిని ఎంత గౌరవించేవాళ్ళమో అనీ.

అది నా వైపు తిరిగింది.

"జేజీ, మన వంటింట్లో పరిచిన బండ ఏ కొండదో నీకు తెలుసునా?"

నేను టక్కున ఆగిపోయాను.

వంటిల్లు, వసారా, పెరట్లో తొట్టి, దేవుడి గూటి అరలు, బీరువా పక్కన సామాను బండ అన్నీ నాపరాయే. 'కడప బండ' అని దేశమంతటా వంటిళ్ళలో ఉన్నది మా జిల్లా నేలే. పొద్దున ముక్కు మూసుకుని దాటి వచ్చింది నా వంటింటినే అన్నమాట. ఈ పిల్లలు రాతిమీద తెల్లమచ్చ పెడతారు. మేం రాతినే ఇంటికి తెచ్చుకున్నాం. ముగ్గుపిండి కూడా రాయి పొడే గదా.

అలా అన్నందుకు అదే నొచ్చుకుంది కాబోలు, నా చెయ్యి పట్టుకుని, "తిట్టలేదు జేజీ, ఊరికే అడిగినా" అన్నది. తరువాత విప్పిన తాడును మళ్ళీ చుట్టచుట్టడం మొదలుపెట్టింది. ఆ చుట్టడంలో ఎంత ఆలస్యం చేసిందో నేను చూశాను. తాడు పూర్తయ్యేదాకా చరియవైపు మళ్ళీ చూడలేదు.

కాపరికి జాలేసినట్టుంది. "ఆ మలుపు దాటితే ఇంకో రాయి ఉండాది. దినమంతా ఎండ పడతాది గనక దాంట్లో ఏ పిట్టా ఉండదు. రాండి చూపిస్తా" అన్నాడు. మేకల్ని వదిలి ముందు నడిచాడు. తుమ్మకంపలు పక్కకు తీస్తూ, ఎక్కడ అడుగు వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో చెబుతూ తీసుకెళ్ళాడు. ఎన్ని పుస్తకాలు చదివినా రాని విద్య అది.

అక్కడ నా మనవరాలు ఎక్కింది.

నిజం చెబుతున్నాను, మొదటి పది అడుగులు నేను కళ్ళు మూసుకున్నాను. తరువాత తెరిచాను. ఆ పిల్ల చెయ్యి రాతిమీద ఎలా వెతుకుతుందనుకున్నారు? చీకట్లో నేను వంటింట్లో అగ్గిపెట్టె వెతికినట్టు. వేళ్ళకు తెలుసు ఎక్కడేముందో. రాతిని తడుముతుంది, ఆగుతుంది, ఊపిరి పీలుస్తుంది, ఒక కాలు మారుస్తుంది. కింద తాడు పట్టుకున్న అమ్మాయి కళ్ళు దానిమీద నుంచి కదలలేదు. పైకి చేరి, ఎర్రటి బండమీద కూర్చుని, "జేజీ!" అని అరిచింది. పెన్న లోయలో ఆ పిలుపు రెండుసార్లు తిరిగి వచ్చింది. మావారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ. నిండా పద్నాలుగేళ్ళు లేని గిరిజన బాలిక. ఆ పిల్ల మొట్టమొదట రాతిమీద చెయ్యి పెట్టింది హిమాలయాల్లో కాదు, భువనగిరి కోట బండమీద. ఆ బండకు ఎవరయినా తాళం వేసి ఉంటే? హైదరాబాదులో గుండ్లను పగలగొట్టి మేడలు కడుతుంటే అడ్డం పడినవాళ్ళెవరు? వాటిచుట్టూ నడిచినవాళ్ళూ, వాటిని ఎక్కినవాళ్ళూనూ. 1996 నుంచీ రాళ్ళను కాపాడుకునే సొసైటీ అని ఒకటి అక్కడ పనిచేస్తోంది. నెలనెలా జనాన్ని రాళ్ళ దగ్గరకు నడిపించుకుపోతారు. ముట్టుకోనివ్వకపోతే ప్రేమ ఎక్కడి నుంచి వస్తుందండీ? అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మతో ఏ పిల్లా ఆడుకోదు.

అట్లాగని ముట్టుకోవడానికి హద్దు లేకపోతే బొమ్మ మిగలదు. అమెరికాలోనే డెవిల్స్ టవర్ అనే నిలువు కొండ ఉందట. అక్కడి ఆదివాసులకు అది పవిత్రమైనది. 1995 నుంచీ జూన్ నెలలో ఎక్కవద్దని కోరుతున్నారు. శాసనం కాదు, మనవి. చాలామంది ఎక్కడం మానుకుంటారట. వినని వాళ్ళూ ఉంటారు. మన ఊళ్ళలోనూ అంతేగా! గుడి కోనేట్లో చేప పట్టరు, గంగమ్మ చెట్టు కొమ్మ నరకరు. పోలీసు ఉండి కాదు. అడిగేవాళ్ళూ, ఎరిగినవాళ్ళూ ఊళ్ళో ఉండబట్టి. కాపరిని తరిమేసి బోర్డు పెడితే గూబ సంగతి ఆ బోర్డు చెబుతుందా?

సాయంత్రం పిల్లలు సామాను సర్దుకుంటుంటే మనవరాలు నన్ను కోట చూపించమంది. మాధవరాయస్వామి గోపురం చూశాం. మసీదు చూశాం. ధాన్యపు కొట్టు దగ్గరకు వచ్చేసరికి నా కాళ్ళు నెమ్మదించాయి.

"ఏంది జేజీ?"

1973లో పదో తరగతిలో ఉండగా మమ్మల్ని ఇక్కడికి విహారయాత్రకు తీసుకొచ్చారు. పులిహోర తిన్నాం, పాటలు పాడాం. తరువాత నలుగురు స్నేహితురాళ్ళం కలిసి, మళ్ళీ ఎప్పుడు కలుస్తామో ఏమో అని, తల్లో చీలపిన్ను తీసి గోడ గచ్చుమీద పేర్లు చెక్కాం. పేరు, తరగతి, సంవత్సరం. నాది కాస్త లోతుగా చెక్కాను. చేతిరాత బాగుంటుందని పేరున్నదాన్ని గదా!

ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకామె ఎక్కడుందో తెలియదు.

గోడ వెతికాను. ఎన్నెన్ని పేర్లని! పేర్ల మీద పేర్లు, బాణాలు గుచ్చిన గుండెకాయలు, ఊర్లు, తేదీలు. నాది దొరకలేదు. ఒకచోట మొదటి అక్షరంలాంటిదీ, మూడు అంకెలూ కనిపించాయి. నాదో కాదో చెప్పలేను. దానిమీద ఎవరో ఇంకెవరినో ప్రేమిస్తున్నట్టు చెక్కి ఉంది.

మనవరాలికి చెప్పాను. పొద్దున అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినదాన్ని, ఎలా చెప్పానో నాకే తెలుసు. రక్షిత కట్టడాలను పాడుచేయడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. 2010లో శిక్ష కూడా పెంచారు. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నలభై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసే నేను, చట్టం కళ్ళలో పాత నేరస్తురాలిని.

అది నవ్వలేదు. నడుముకు కట్టుకున్న సంచిలో నుంచి పళ్ళు తోముకునే బ్రష్షులాంటిది ఒకటి తీసి చూపించింది. ఎక్కి దిగిన తరువాత సుద్దమరకలు తుడిచే బ్రష్షట. ఇందాక ఆ రాతిని అంతా తుడిచే వచ్చిందట. నేను చూడనే లేదు.

"దీంతో నీది పోదు జేజీ" అన్నది మెల్లగా.

"తెలుసు తల్లీ" అన్నాను.

కాసేపు ఇద్దరం ఆ గోడ దగ్గరే నిలుచున్నాం. చీకటి పడుతుండగా లోయలో నుంచి, దూరంగా, బరువైన గొంతుతో ఒక కూత వినిపించింది. ఆగి, మళ్ళీ ఒకసారి. చిన్నప్పటి నుంచీ ఆ కూత వింటే గుండె గుభేలుమనేది. ఆ రోజు మాత్రం, హమ్మయ్య, ఇంటిదగ్గరే ఉంది అనుకున్నాను.

మార్చిలో పిల్ల జర్మనీకి వెళ్ళిపోయింది. ఆ నెర్రె ఎక్కనే లేదు. నలుగురికీ నాలుగు దిక్కులా ఉద్యోగాలు, చదువులు. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. వెళ్ళేముందు మిగిలిన పిండి పొట్లం నాకే ఇచ్చి, దానిమీద పెద్ద అక్షరాలతో 'ఇది ముగ్గుపిండి కాదు' అని రాసి పెట్టింది. దేవుడి గూటి పక్కన, నాపరాతి అరమీదే పెట్టాను.

ఉగాది వెళ్ళిన తరువాత ఒకరాత్రి ఫోను మోగింది.

"ఎట్లుండావు జేజీ? అబ్బ బాగుండాడా? సరేగాని, గూబపిల్లలు ఎగిరినాయా?"

నాకు తెలుసు అది అడుగుతుందని. ఆ కాపరి ఫోను నంబరు నేను ఆనాడే కొంగున ముడివేసుకుని వచ్చాను. నెలకోసారి చేస్తున్నాను కూడా. మొదట్లో అతను ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు నేను చెయ్యడం ఆలస్యమయితే అతనే చేస్తున్నాడు.

"రెండు ఎగిరినాయంట. ఒకటి ఇంకా రాయి అంచున కూర్చోనుందంట. దానికి భయమంట."

అవతల కాసేపు మాట లేదు.

"మొదటిసారి అంతే జేజీ" అన్నది నా మనవరాలు. "కిందికి చూడకూడదు."